షిప్పులో కిడ్నీ పోయినా తప్పు ఊరి నీళ్లదేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి మీ పేపర్లో ఏళ్ల తరబడి చదువుతున్నాను. బోరు నీళ్లు, హిరమండలం నుంచి తెచ్చిన పైపులైను, 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన కిడ్నీ ఆసుపత్రి, డయాలసిస్ వాళ్లకిచ్చే నెలకి 10,000 రూపాయల పెన్షన్, అన్నీ రాశారు, బాగా రాశారు. అదే ఉద్దానం నుంచి, అంటే కంచిలి, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఊళ్ల నుంచి మర్చంట్ నేవీకి వెళ్లే మా కుర్రాళ్ల సంగతి మాత్రం ఎక్కడా కనపడలేదు. వాళ్లకి షిప్పు మీద ఉండగా కిడ్నీలు దెబ్బతింటే కంపెనీలు ఏం చేస్తున్నాయో చెబుదామని ఈ ఉత్తరం. పొడుగైంది, మీ వీలును బట్టి కత్తిరించుకోండి.

నేను ఇంజన్ రూమ్‌లో తుడిచి శుభ్రం చేసే వైపర్‌గా చేరి, ఇంజన్లు చూసుకునే మోటర్‌మన్‌గా రిటైరైనవాణ్ని. నేవీ అనగానే చాలామంది యుద్ధనౌకలు, పెన్షన్, మిలటరీ క్యాంటీన్ అనుకుంటారు. మాది ఆ నేవీ కాదు. సరుకు మోసే ఓడలు, విదేశీ జెండా, ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు. సైన్ ఆఫ్ అయ్యి, అంటే కాంట్రాక్టు ముగించి షిప్పు దిగి, ఇంటికొచ్చామంటే ఆ రోజు నుంచి మేము ఎవరి ఉద్యోగులమూ కాదు. మళ్లీ మెడికల్, మళ్లీ ఏజెంటు, మళ్లీ కొత్త కాంట్రాక్టు. అసలు పేచీ అంతా ఇక్కడే మొదలవుతుంది.

మా చిన్నాన్న కొడుకు సంగతి చెప్తాను. కంపెనీ పేరు, ఏజెంటు పేరు రాయను, ఎందుకంటే ఒక్క కంపెనీతో పోయే గొడవ కాదిది. వాడు ఆయిలర్, అంటే ఇంజన్లకి నూనె వేసి కనిపెట్టుకునేవాడు. షిప్పు ఎక్కేముందు కంపెనీ చెప్పిన డాక్టరు దగ్గరే రక్తం, మూత్రం, ఎక్స్‌రే, ఈసీజీ అన్నీ అయ్యాయి, ఫిట్ అని సర్టిఫికెట్ ఇచ్చారు. కొన్ని నెలలు బాగానే చేశాడు. తర్వాత పాదాలు వాచడం, పొద్దున్నే వాంతులు. సింగపూర్‌లో ఒడ్డుకి తీసుకెళ్లి రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే లెక్క, ఎక్కడికో పోయింది. మెడికల్ సైన్ ఆఫ్ ఇచ్చి ఇంటికి పంపారు. మొదట్లో ఆసుపత్రి బిల్లులు కట్టారు, కొన్నాళ్లు జీతమూ ఇచ్చారు, ఆ మాట దాచను. తర్వాత వచ్చింది ఉత్తరం. ఇది సహజంగా వచ్చిన జబ్బు, పనికి సంబంధం లేదు, పైగా మీరు కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం నుంచి వచ్చినవారు, కాబట్టి వైకల్య పరిహారం వర్తించదు అని. అంతే. వాడి ఊరే వాడి మీద సాక్ష్యం అయిపోయింది.

ఇప్పుడు ఇంజన్ రూమ్ గురించి నాలుగు మాటలు చెప్పాలి, అది చూడనివాళ్లకి ఈ గొడవ అర్థం కాదు. మెయిన్ ఇంజన్, జనరేటర్లు, బాయిలర్ అన్నీ ఒకేచోట. 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎండాకాలంలో గల్ఫ్ వైపు పోతే బయట సముద్రపు నీళ్లే వేడిగా ఉంటాయి, ఇక లోపల చల్లబడేది ఏముంది? అన్నిటికన్నా ఘోరం ప్యూరిఫైయర్ రూమ్. చిక్కటి ఫ్యూయల్ ఆయిల్‌ని దాదాపు 100 డిగ్రీలకి వేడి చేసి శుభ్రం చేసే చోటు, చిన్న గది, నూనె ఆవిరి. అక్కడ ప్యూరిఫైయర్ విప్పి, లోపలి డిస్కులు ఒక్కొక్కటీ తీసి, డీజిల్‌లో ముంచి బురద గీకుతుంటే బాయిలర్ సూట్ ఒంటికి అతుక్కుపోయి, చెమట కారి కారి సేఫ్టీ షూలో కాలు జారుతుంది. నీళ్లు తాగాలంటే గ్లవ్స్ తీయాలి, చేతులు కడగాలి, పైన కంట్రోల్ రూమ్‌కి పోవాలి. పని మధ్యలో సెకండ్ ఇంజనీరు ముఖం చూసి ఎవడు పోతాడు? ఉప్పు కలిపిన నీళ్ల సీసా దగ్గర పెట్టుకున్నవాడు తెలివైనవాడు, కొత్తగా వచ్చిన కుర్రాడికి ఆ తెలివి చెప్పేవాడు ఉండడు. మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినా అందరికీ అంతేలే అనుకుంటాం.

దానికి తోడు నడుం నొప్పి. బరువులు లాగడం, వంగి పనిచేయడం, ఇంజన్ అదురు. నొప్పి అంటే మెడిసిన్ లాకర్ చూసే ఆఫీసరు ఐబుప్రొఫెన్ ఇస్తాడు. ఆయన డాక్టరు కాదు, చిన్న కోర్సు చేసిన డెక్ ఆఫీసరు. ఒంట్లో నీళ్లు తగ్గిపోయి ఉన్నప్పుడు ఆ మాత్రలు పదే పదే మింగితే కిడ్నీకి ముప్పు అని ఏ డాక్టరైనా చెప్తాడు. మావాడి కేసులో మెడికల్ లాగ్‌లో ఉన్నదల్లా నడుం నొప్పి, మాత్ర ఇచ్చాం అని రెండు మూడు లైన్లు. ఆ వారం ఇంజన్ రూమ్‌లో ఎంత వేడి ఉంది, వాడు ఎన్ని గంటలు చేశాడు, రెస్ట్ అవర్స్ కాగితం మీద రాసినవి నిజంగా ఇచ్చారా లేదా, ఆ కాగితాలన్నీ షిప్పులో ఉన్నాయి, లేదంటే కంపెనీ ఆఫీసులో ఉన్నాయి. వాడి చేతిలో ఏమున్నాయి? ఒక సర్టిఫికెట్, ఒక సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), వాచిన కాళ్లు.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులు అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేయడం అన్నారు. ఎంతమంది శాస్త్రవేత్తలు వచ్చి నమూనాలు పట్టుకెళ్లినా ఇదీ కారణం అని ఒక్క మాటగా చెప్పలేకపోయారు. అలాంటిది కంపెనీ డాక్టరు ఒక్క పేజీలో తేల్చేశాడు! ఇంకో మాట, సెంట్రల్ అమెరికాలో నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీలకి సరిగ్గా ఇలాంటి జబ్బే వస్తోంది, అక్కడ మండుటెండలో ఒళ్లు వంచి చేసే చాకిరీ, ఒంట్లో నీళ్లు ఇంకిపోవడం ముఖ్య కారణాలని చాలామంది పరిశోధకుల అనుమానం. ఎండలో చెరకు కొట్టేవాడికి ఆ అనుమానం వర్తిస్తే ప్యూరిఫైయర్ రూమ్‌లో ఉడికేవాడికి ఎందుకు వర్తించదు? ఉద్దానంలో పుట్టినందువల్ల వాడి కిడ్నీలు ముందే కొంచెం బలహీనంగా ఉన్నాయనే అనుకుందాం. అప్పుడు ఆ వేడి వాడికి ఇంకా ఎక్కువ హాని చేసినట్టు కదా. తెలిసి తెలిసి అక్కడ పెట్టింది ఎవరు, ఫిట్ అని రాసింది ఎవరు?

చట్టం ఏమంటుందో నాకు తెలిసినంత చెప్తాను. మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ అని 2006 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఒకటి ఉంది, మన దేశం 2015లో ఒప్పుకుంది. దాని ప్రకారం షిప్పులో చేరిన దగ్గర్నుంచి ఇంటికి చేరే వరకు ఏ జబ్బు వచ్చినా వైద్యం ఖర్చు ఓనరుదే. పని వల్ల వచ్చిందా లేదా అని అడగక్కర్లేదు. ఖర్చు బాధ్యతకి, జీతానికి దేశాలు గడువు పెట్టుకోవచ్చు గానీ అది 16 వారాలకి తగ్గకూడదు. ఇంతవరకు పేచీ లేదు, అందుకే మావాడికి కూడా మొదట్లో డబ్బులొచ్చాయి. అసలు డబ్బు, అంటే ఇక జీవితంలో సముద్రం మీదకి పోలేనివాడికి ఇచ్చే వైకల్య పరిహారం దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది. 2017 జనవరి నుంచి ఓనర్లు దానికి ఇన్సూరెన్స్ లాంటి హామీ చూపించి తీరాలి, ఆ సర్టిఫికెట్ షిప్పులో అందరికీ కనపడేలా పెట్టాలి. నేనే మెస్ రూమ్ పక్కన బోర్డు మీద చూశాను. కానీ ఆ హామీ వృత్తి వల్ల కలిగిన గాయానికి, జబ్బుకే. చెయ్యి విరిగితే అందరికీ కనపడుతుంది. కిడ్నీ, గుండె, లివరు, మనసు, వీటికి వృత్తి అని ముద్ర వేసేది ఎవరు? జీతం ఇచ్చేవాడి డాక్టరే.

మన దేశంలో పరిస్థితి ఎలా ఉందో చూడటానికి ఒక కేసు చాలు. బీహార్‌లోని గయ వైపు నావికుడు, ప్రభుత్వ రంగ షిప్పింగ్ సంస్థలో 1988 నుంచి చేసినవాడు. దగ్గు, కాళ్ల వాపు, ఆయాసం వస్తే పరీక్షలు చేశారు, గుండె కండరం సాగిపోయే జబ్బు అని తేలింది, సముద్రానికి పనికిరాడని రాసేశారు. వైకల్య పరిహారం అడిగితే, ఇది యాక్సిడెంటు కాదు, ఒంట్లో పుట్టిన జబ్బు, కాబట్టి 2,75,000 రూపాయలు తీసుకుని వెళ్లమన్నారు. ఆయన తీసుకోలేదు. పట్నా హైకోర్టుకి పోతే మా పరిధి కాదన్నారు. ఇంటి దగ్గర ఉత్తరం అందుకున్నాడు కాబట్టి అక్కడా కేసు నడుస్తుందని 2014లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. గుండె జబ్బు పని వల్ల వచ్చిందా రాలేదా అన్నది కాదు, ఎక్కడ కేసు వేయాలి అన్న దానికే ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చిందన్నమాట! అయినా మావాళ్లకి ఈ తీర్పు చాలా ఉపయోగం, చాలామందికి తెలియదు. పలాసలో కోణార్క్ రైలెక్కి ముంబై పోయి లాయర్ల చుట్టూ తిరగక్కర్లేదు, తిరస్కరించిన ఉత్తరం ఇంటికొచ్చి ఉంటే మన హైకోర్టు తలుపు తట్టొచ్చని వాదించడానికి దారి ఉంది.

ఇంకా పాతది ఒకటి. 1961లో ద్వారకా అనే షిప్పులో ఒక డెక్ హ్యాండ్ గుండెల్లో నొప్పి అన్నాడు, డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు, రెండు మూడు రోజుల్లో తెల్లవారుజామున మనిషి కనపడకుండా పోయాడు. పరిహారం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పని కారణంగానే పోయాడని చూపాల్సింది అడిగేవాళ్లేనని, ఆ సాక్ష్యం లేదని 1969లో కోర్టు కొట్టేసింది. సముద్రం మధ్యలో పోయినవాడికి ఊళ్లో ఉన్న తండ్రి ఎక్కడి నుంచి సాక్ష్యం తెస్తాడు? అదే కోర్టు 2012లో ఒక లారీ డ్రైవరు దూరప్రయాణంలో గుండె ఆగి చనిపోతే, ఆ పని ఒత్తిడే కారణం కావచ్చని కుటుంబానికి పరిహారం ఇప్పించింది. మంచిదే. లారీకి ఒక న్యాయం, ఓడకి ఒక న్యాయం ఉండకూడదు కదా.

1923 నాటి పరిహార చట్టం వెనకాల వృత్తి జబ్బుల జాబితా ఒకటి ఉంటుంది. ఇప్పుడు ఆ చట్టాన్ని సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిపారు. శబ్దం వల్ల వచ్చే చెవుడు ఆ జాబితాలో ఉంది, ఇంజన్ రూమ్ వాళ్లకి అదొక్కటీ సూటిగా పనికొస్తుంది. విపరీతమైన వేడి వాతావరణం వల్ల వచ్చే జబ్బు అని కూడా ఒక ముక్క ఉంది. వాతావరణం అంటే బయట ఎండే గానీ ఇంజన్ వేడి కాదని కంపెనీ లాయరు వాదిస్తాడు, రాసి పెట్టుకోండి.

ఇక ఫిలిప్పీన్స్ సంగతి. ప్రపంచంలో నావికులు ఎక్కువగా వచ్చేది ఆ దేశం నుంచి, నేను చేసిన షిప్పుల్లో సగం మంది వాళ్లే. ఒకే ఇంజన్ రూమ్‌లో, ఒకే వేడిలో పక్కపక్కన పనిచేస్తాం, జబ్బు పడితే మాత్రం వాళ్ల దారి వేరు, మా దారి వేరు. వాళ్ల ప్రభుత్వం 2010లో సవరించిన స్టాండర్డ్ కాంట్రాక్టులో వృత్తి జబ్బుల జాబితా ఉంది. అందులో బీపీ కూడా ఉంది, బీపీ వల్ల కిడ్నీలు, గుండె, కళ్లు, మెదడు శాశ్వతంగా దెబ్బతింటే పరిహారం ఇవ్వాలని రాసి ఉంది. జాబితాలో లేని జబ్బు వచ్చినా అది పని వల్ల వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదంటే కంపెనీ నిరూపించుకోవాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పూర్తి వైకల్యానికి 60,000 డాలర్లు. ఇంటికొచ్చిన మూడు పనిదినాల్లో కంపెనీ డాక్టరు దగ్గర కనపడాలి, కనపడకపోతే హక్కు పోయినట్టే. ఆ డాక్టరు 120 రోజుల్లో తేల్చాలి, వైద్యం ఇంకా అవసరమైతే 240 రోజుల దాకా. మనిషి తన సొంత డాక్టరుని పెట్టుకుని ఆయన వేరే మాట చెబితే, ఇద్దరూ కలిసి మూడో డాక్టరుని పెట్టుకుంటారు, ఆయన మాటే ఆఖరు. 2010లో వాళ్ల సుప్రీంకోర్టు ఒక చీఫ్ ఇంజనీరుకి వచ్చిన పెద్దపేగు కాన్సర్‌కి కూడా పరిహారం ఇప్పించింది, షిప్పులో పెట్టే తిండి కూడా దానికి కారణమై ఉండొచ్చని. మా షిప్పుల్లో ఫ్రోజెన్ మాంసం, డబ్బా తిండి, ఉప్పు ఎంత ఉంటాయో తెలిసినవాళ్లకి ఆ తీర్పు విడ్డూరంగా అనిపించదు.

అక్కడంతా స్వర్గమని చెప్పడం లేదు. అక్కడి కోర్టులు ఒక కేసులో ఇచ్చి ఇంకో కేసులో కాదన్నాయి, పని వల్ల అనుకోవడం వేరు, డబ్బు ఇవ్వడం వేరు అని మెలిక కూడా పెట్టాయి. ఎయిర్‌పోర్టు బయటే జబ్బు మనిషిని పట్టుకుని వచ్చిన డబ్బులో సగం నొక్కేసే లాయర్లు తయారైతే, 2015లో చట్టం చేసి ఫీజు పది శాతం దాటకూడదన్నారు. 2024లో నావికుల హక్కులకి వేరే చట్టమే చేశారు, గెలిచిన డబ్బు వెంటనే చేతికి రాకుండా బాండు అడిగే నిబంధన అందులో దూర్చారని అక్కడి సంఘాలు మండిపడ్డాయి. ఏదైనా గానీ, అక్కడ ఆట నియమాలు రాసి ఉన్నాయి. ఎన్ని రోజులు, ఎవరి మాట చెల్లుతుంది, కాదన్నవాడు ఏం చూపించాలి అన్నది డెక్ మీద పనిచేసే మామూలు నావికుడికి (ఏబీకి) కూడా తెలుసు. మనవాళ్లలో యూనియన్ అగ్రిమెంట్ ఉన్న షిప్పు దొరికినవాడికి మూడో డాక్టరు అవకాశం ఉంటుంది, లేనివాడికి ఏజెంటు ఫోను ఎత్తడమే గొప్ప.

కంపెనీల వాదన కూడా విన్నాను. కుర్రాళ్లు బీపీ, షుగరు దాచిపెట్టి వస్తున్నారంటారు. నిజమే, దాస్తారు. మెడికల్‌కి ముందు మా ఊరి వైపు కొందరు సొంతంగా క్రియాటినిన్ చూపించుకుని, ఎక్కువుంటే ఆ నెల ఆగిపోతారు. ఏజెంటుకి లక్షలు కట్టి, ఇంటి మీద అప్పు పెట్టి వచ్చినవాడు అన్‌ఫిట్ అనిపించుకోవడానికి సిద్ధపడడు. కావాలని దాచినట్టు రుజువైతే పరిహారం లేదని అంతర్జాతీయ ఒప్పందమే చెప్తోంది, దానికి ఎవరూ అడ్డు చెప్పట్లేదు. కానీ దాచాడని చెప్పేవాడు రుజువు చూపించాలి కదా. ఊరి పేరు రుజువు అవుతుందా? మరో వాదన, మా షిప్పులో చేసింది కొన్ని నెలలే, జబ్బు ఏళ్ల నుంచి ముదిరి ఉంటుంది అని. ఇది ఇంకా అన్యాయం. పదిహేనేళ్లు పది కంపెనీల్లో చేసినవాడికి ఆఖరి కంపెనీ అలా అంటుంది, ముందు కంపెనీ మా దగ్గర ఉన్నప్పుడు ఫిట్‌గానే దిగాడు అంటుంది. ఎవరికి వారు చేతులు దులుపుకుంటారు, పదిహేనేళ్ల వేడి మాత్రం ఒక్క మనిషి ఒంట్లో మిగులుతుంది.

2025లో పార్లమెంటు కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం చేసింది. 1958 నాటిది పోయి కొత్తది రావడం మంచిదే. దాని కింద వచ్చే రూల్స్‌లో, ఫిట్ సర్టిఫికెట్‌తో షిప్పు ఎక్కినవాడికి అక్కడ వచ్చిన జబ్బు పని వల్ల వచ్చిందనే అనుకోవాలి, కాదన్నవాడు నిరూపించాలి అని ఒక్క వాక్యం పెట్టమని మన ఎంపీలు అడగాలి. శ్రీకాకుళం ఎంపీ కేంద్రంలో మంత్రి కూడా, ఆయనకి ఈ ఊళ్లు తెలియనివి కావు. మూడో డాక్టరు విషయం కూడా తేల్చాలి. విశాఖ కేజీహెచ్‌లో నెఫ్రాలజీ, కార్డియాలజీ విభాగాలు ఉన్నాయి, ఉద్దానం రోగుల్ని చూసి చూసి అక్కడివాళ్లకి ఉన్న అనుభవం ముంబైలో ప్రైవేటు క్లినిక్ డాక్టరుకి ఎక్కడిది? ఓనరు ఖర్చుతో అలాంటి చోట బోర్డు వేసి ఆ మాటే ఆఖరు అంటే సగం తగాదాలు కోర్టు దాకా పోవు. విశాఖలో ఎంఎండీ (కేంద్ర ప్రభుత్వ మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్) ఆఫీసు ఉన్నా, నావికుల కాంట్రాక్టులు, తగాదాలు చూసే షిప్పింగ్ మాస్టర్ దగ్గరికి పోవాలంటే చెన్నైయో, కోల్‌కతానో, ముంబైయో పోవాలి. డయాలసిస్ మీద ఉన్న మనిషిని వారానికి రెండు మూడు సార్లు మెషీన్‌కి పెట్టాలి, వాడు రైలెక్కి ఎక్కడికి పోతాడు?

షిప్పులో ఉన్న తమ్ముళ్లు ఎవరైనా చదువుతుంటే మీకో మాట. ఒంట్లో బాగోకపోతే నోటితో చెప్పి ఊరుకోకండి, లాగ్‌లో రాయించండి, రాసింది ఫోనులో ఫొటో తీసుకోండి. రెస్ట్ అవర్స్ షీట్ మీద చేయని విశ్రాంతికి సంతకం పెట్టకండి. పెట్టకపోతే ఊరుకుంటారా అని అడుగుతారు, ఊరుకోరు, తెలుసు, కనీసం మీ డైరీలో అసలు గంటలు రాసుకోండి. ఇంటికొచ్చాక ఫుల్ అండ్ ఫైనల్ అని కాగితం పట్టుకుని ఏజెంటు మనిషి వస్తాడు. ఒప్పందం ప్రకారం రావాల్సిన దానికన్నా తక్కువ తీసుకోమని ఒత్తిడి చేయకూడదని, వైకల్యం తేల్చడానికి ఆలస్యమైతే ఇల్లు గడవడానికి మధ్యలో కొంత ఇవ్వాలని అదే అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది. మావాడు ఆ కాగితం మీద ఇంకా సంతకం పెట్టలేదు. వాళ్లావిడ బంగారం కుదువ పెట్టింది, ఎన్నాళ్లు పెట్టకుండా ఉంటాడో నేను చెప్పలేను.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీ శ్రీకాకుళం విలేకరులు సోంపేట, కవిటి, పలాస డయాలసిస్ కేంద్రాలకి ఎప్పుడూ వెళ్తూనే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు మంచం మీద ఉన్నవాళ్లని ఏ ఊరు, ఏ నీళ్లు తాగారు అని అడిగాక, షిప్పు మీద ఎప్పుడైనా పనిచేశారా, సీడీసీ ఉందా, కంపెనీ ఏమని రాసింది అని కూడా అడగమనండి. వచ్చిన జవాబులు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మోటర్‌మన్,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా